గోడకివతలి గంగాలమ్మ

జెట్టీ మీద వేలంపాట సాగుతుండగా, పదిమంది ముందూ, తిరుమలరావుని దొంగవన్నాను. వాడు నా భార్య గౌరీశ్వరికి తమ్ముడు, నా కంపెనీకి కుడి చెయ్యి. జపాన్ కొనుగోలుదారుని మెల్లగా తనవైపు తిప్పుకుంటున్నాడని నా అనుమానం. వాడు మారు మాటాడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, తడిసిన సిమెంటు మీద నడుచుకుంటూ పడవల మధ్యకి వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసులో కొత్త సర్వర్ పెట్టడానికొచ్చిన మధులత తెర మీద ఖాళీ గడి ఒకటి చూపించి, మీ కంపెనీ పేరు బయట ఎవరిదండీ అని అడిగింది. నాదే అన్నాను. కాదండీ అంది. మా ఇద్దరికీ లెక్క కుదరనిది ఆ మాట దగ్గరే.

ఇప్పుడు ఆ గడి ముందు ఇద్దరం కూర్చుని ఉన్నాం.

మా ఆఫీసు ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ ప్లాంటు మీది గది. కింద దిమ్మలు పగలగొడుతున్నప్పుడు లేచే తెల్లటి చలి మెట్లెక్కి వచ్చి బల్లల కాళ్ల దగ్గర పడుకుంటుంది. మోటారు మోత నేలలోంచి అరికాళ్లలోకి, అక్కణ్నుంచి కళ్లలోకి పాకుతుంది. మధ్యాహ్నంపూట ఆ గదిలో కూర్చున్న మనిషికి మెలకువగా ఉన్నాడో లేదో తెలీదు. కిటికీలోంచి చూస్తే మరపడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, నిద్రపోతున్నవాళ్ల గుండెల్లా లేచి దిగుతుంటాయి. ఇన్నేళ్లలో నాకు దక్కిన సుఖం ఏదైనా ఉంటే అదొక్కటే, అలా చూస్తూ కూర్చోవడం. మిగతాదంతా చాకిరీ, మనుషుల మోసం.

గంగాలమ్మ ఎక్స్‌పోర్ట్స్ మా కంపెనీ. రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, ఓడలెక్కిస్తాం. రెండేళ్ల కిందట కంప్యూటర్ షాపువాడొకడు వచ్చి, ఆఫీసులో ఉన్న కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపాడు. ఆ అల్లికకి ఏదో ఒక పేరుండాలన్నాడు. కంపెనీ పేరే పెట్టమన్నాను. గంగాలమ్మ డాట్ కామ్ అని పెట్టి పోయాడు. ఆ రోజుల్లో ఎవరిని చూసినా డాట్ కామ్ డాట్ కామ్ అని ఊగిపోయేవారు కదా. నామం పెట్టుకున్నాక కింద గీత గీసినట్టు, పేరన్నాక చివర అదుండాలి కాబోలు అనుకున్నాను.

ఆ రోజునుంచి పొద్దున్నే రాగానే ఆ పేరు కొట్టి చూసుకునేవాణ్ణి. నీలంనీళ్ల మీద పెద్ద తెల్లటి ఓడ, కింద మా పేరు. ఓడ మాది కాదు, షాపువాడు ఏ క్యాలెండరులోంచో ఎత్తుకొచ్చి పెట్టాడు. అయినా టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి. లోకమంతా అదే చూస్తోందని నా నమ్మకం. ఈ గదిలోంచి పక్క గదికి మెయిలు పంపితే చిటికెలో చేరేది. ఇంకేం కావాలి?

మధులత స్టీల్ ప్లాంటు క్వార్టర్స్ పిల్ల. వాళ్ల నాన్న అమలాపురం నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ పిల్ల మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. ఆ మెత్తదనంతోనే మనిషిని కోస్తుంది.

“మీరు చూస్తున్నది గోడకివతలి గంగాలమ్మండి,” అంది. “ఈ ఆఫీసులో ఎవరు ఆ పేరు పిలిచినా మీ పాత సర్వరే అడ్డంపడి నేనే నేనే అని పలుకుతుంది. మాట గోడ దాటనివ్వదు. గోడ దాటాక ఆ పేరు ఎవరు కొనుక్కుంటే వాళ్లదండి. మీరు కొనలేదు. ఎవరో కొన్నారు. పొద్దున్న మా ఇంట్లో కొట్టి చూశాను, వేరే పేజీ వచ్చింది.”

వేరే పేజీలో ఏముందని అడిగితే చెప్పలేదు. నేను చెబితే మీరు నమ్మరండీ, కాంపౌండు దాటి ఎక్కడైనా కూర్చుని మీరే చూసుకోండి అంది.

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. కానీ ఆ మాట నాకు అర్థం కాకపోలేదు. మా అమ్మాయి సంగతే తీసుకోండి. అంతకుముందు పుట్టినవాళ్లు దక్కలేదని, ఈ పిల్ల పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటి జోగమ్మకి గుప్పెడు నూకలకి అమ్మేశాం. మాది కాదంటే మృత్యువు మా గుమ్మంలో వెతకడం మానేస్తుందని మావాళ్ల నమ్మకం. నూకలకి పోయింది కాబట్టి నూకాలు. ఇంట్లో అదే పేరు. బళ్లో మాత్రం ఆశాజ్యోతి. ఇంట్లో ఎవరైనా ఆశాజ్యోతీ అంటే పలకదు, కాలేజీలో ఎవరైనా నూకాలూ అంటే ఇంటికొచ్చి ఏడుస్తుంది. ఒకే పిల్ల, గడపకి ఇటొక పేరు, అటొక పేరు. అది తెలిసినవాడికి కంప్యూటరు కొత్తగా నేర్పేదేముంది?

ఇప్పుడు ఏం చెయ్యాలంటే మధులత చెప్పుకొచ్చింది. పాతలాగే లోపలా బయటా ఒకటే పేరు పెట్టుకోవచ్చు. కానీ బయట ఏది మారినా లోపల చేత్తో మార్చుకుంటూ ఉండాలి, మరిచిన రోజున ఆఫీసువాళ్లకి ఒకటీ లోకానికి ఇంకొకటీ కనపడతాయి. కాదంటే లోపలికి ఎవరికీ చెందని పేరు పెట్టుకోవచ్చు, చివర డాట్ లోకల్ అని. అది ఈ కాంపౌండులో పుట్టి కాంపౌండులోనే ఉంటుంది, బయట దాన్ని ఎరిగినవాళ్లుండరు. ఆమెకి నచ్చిన దారి వేరే. బయటి పేరుకి ముందు చిన్న ముక్క తగిలించి దాన్నే లోపలికి వాడుకోవడం, ఆఫీస్ డాట్ గంగాలమ్మ డాట్ కామ్ అని. ఒకటే ఇల్లు, వీధిగుమ్మం వేరు, పెరటిగుమ్మం వేరు. కాకపోతే బయటి పేరు మన చేతిలో ఉండాలి. పరాయివాళ్ల చేతిలో ఉంటే వాళ్ల చూరు కింద మనం కాపురం పెట్టినట్టు.

“సాయంత్రంలోగా చెప్పండి. ఒకసారి కొట్టాక ఇక మార్చలేమండి. మార్చాలంటే మొత్తం పీకేసి మళ్లీ మొదలే,” అని గడిలో వేలుపెట్టి చూపించింది. గడిలో సన్నటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

స్కూటరు తీసి జగదాంబ జంక్షన్ వైపు పోయాను. సముద్రం మీంచి మంచులాంటి తేమ ఊళ్లోకి దిగుతోంది. ఎండ ఉంది, ఉన్నా దానికి అంచుల్లేవు. మనుషులు, బస్సులు, కొబ్బరిబొండాల బళ్లు అన్నీ నీళ్లలో కనపడుతున్నట్టు వణుకుతున్నాయి. ఒక ఇంటర్నెట్ సెంటర్లో ప్లైవుడ్ గదిలోకి దూరి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ పేరు కొట్టాను.

పేజీ పైనుంచి కిందకి, గీత తర్వాత గీతగా దిగింది. ముందు ఆకాశం వచ్చింది. తెల్లవారకముందు ఉండే బూడిదరంగు ఆకాశం. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. నేను ఆ ఆకాశాన్నే చూస్తూ కూర్చున్నాను. నా గుండె ఎక్కడో దూరంగా, వేరే ఎవరి గదిలోనో కొట్టుకుంటున్నట్టు వినపడింది. తర్వాత ఒక పడవ ముక్కు వచ్చింది. నల్లటి తారుపూత, కంటిలా దిద్దిన పసుపు బొట్టు. జాలరిపేట ఇసక. ఆరేసిన వల. ఓడా కాదు, క్యాలెండరూ కాదు. అది మా నాన్న నాటుపడవ. ఆ బొట్టు మా అమ్మ దిద్దింది. ఆ పడవని తుఫాను తీసుకుపోయి ఎన్నేళ్లయిందో. దాని ఫొటో ఒకటుందన్న సంగతే నాకు తెలీదు.

నా కళ్లు చెమర్చాయని చెప్పను. మండాయి. నా తండ్రి పడవని నడిబజార్లో పెట్టిన దొంగముండాకొడుకు ఎవడని మండాయి. తిరుమలరావు మొహం కళ్లముందే తిరుగుతోంది. పేజీ ఇంకా దిగుతోంది. రొయ్యల రకాలు, ఓడ బయల్దేరే రోజులు. అడుగున ఫోన్ నంబరు.

అది మా ఇంటి నంబరు.

పక్కనే ఉన్న ఎస్టీడీ బూతులోకి వెళ్లి ఆ నంబరుకి చేశాను. రెండు మోతలకే ఎత్తారు.

“గుడ్ ఆఫ్టర్‌నూన్, గంగాలమ్మ ఎక్స్‌పోర్ట్స్.”

గౌరీశ్వరి గొంతు. నాతో కాపురం చేసినన్నాళ్లలో ఆ గొంతుని అలా వినలేదు. నిమ్మళంగా, ఎక్కడా తొట్రుపడకుండా, తన సొంత గదిలో కూర్చున్న మనిషి గొంతు. నేను మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాను.

జాలరిపేటలో మా ఇల్లు పాత పాక ఉన్నచోటే లేచిన డాబా. ముందుగదిలో అమ్మాయి చదువుకోసమని కొన్న కంప్యూటరుంది. గౌరీశ్వరి దాని ముందు కూర్చుని ఉంది. ముక్కు మీద కళ్లజోడు, కాళ్లదగ్గర గింజలు తీస్తున్న చింతపండు బేసిను. నన్ను చూసి లేవలేదు.

“ఫోన్ సేసి పెట్టేసినోడివి నువ్వే కదేటి మావా,” అంది.

ఎలా తెలిసిందన్నాను.

“నీ ఊపిరి నాకు తెలీదేటి.”

తెర వైపు చెయ్యి చూపించి, ఏటిదని అడిగాను.

“కంపెనీ,” అంది.

తర్వాత గింజలు తీసుకుంటూనే, పొరుగింటి కబురు చెబుతున్నట్టు అంతా చెప్పింది. షాపువాడు తీగలు బిగించిన మర్నాడు ఇంటికొచ్చాడట. బయట కూడా పేరు కొనుక్కోవాలమ్మా, ఏడాదికోసారి కట్టాలి, మీ ఆయన్ని అడిగితే గాలికి కూడా అద్దేటిరా అని తరిమేశాడు అన్నాడట. ఈవిడ కట్టింది. తన పేరునే కొంది. మా నాన్న పడవ ఫొటో తన పుట్టింటి ట్రంకులో ఉంటే అది ఇచ్చి, పేజీ పెట్టించింది. అట్టపెట్టెల మీద గంగాలమ్మ డాట్ కామ్ అని కంపెనీ అడ్రసు నేను డాబుగా అచ్చేయించానే, దాన్ని చూసి దేశదేశాల వాళ్లు రాసిన మెయిళ్లన్నీ ఇదిగో, ఈ చింతపండు బేసిను దగ్గరికే వచ్చాయి. మొదట్లో అమ్మాయి చదివిపెట్టేది. గౌరీశ్వరి టెన్త్ పాసైన మనిషి, తర్వాత్తర్వాత తనే చదివి, తనే జవాబు రాయడం నేర్చింది. వచ్చిన ఆర్డర్లు తమ్ముడి చేతికిచ్చేది. వాడు తన పలుకుబడితో తెచ్చినట్టు నా బల్ల మీద పెట్టేవాడు.

“అదేదో నాకే సెప్పొచ్చు కదే,” అన్నాను.

“నాను సెప్తే తీసుకుందువేటి? ఆడు సెప్తే తీసుకున్నావు. తీసుకున్నన్నాళ్లు తీసుకుని, జెట్టీ మీద దొంగన్నావు. ఆడు నాకోసం నోరు మూసుకున్నాడు మావా. లేకపోతే అక్కడే సెప్పేద్దుడు.”

బేసినుకి ఇవతల కూర్చున్నాను. గదిలోకి సముద్రం వెలుతురు వచ్చి పైకప్పు మీద అలల్లా ఆడుతోంది. అందరూ మంచివాళ్లే. నేనొక్కణ్ణే చెడ్డవాణ్ణి. ఆ మంచితనమంతా నా వెనక, నాకు తెలీకుండా, నన్నొక పిచ్చివాణ్ణి చేసి నడిచింది. మంచు దిమ్మలు మోసి మోసి భుజం కాయకట్టినవాణ్ణి నేను. ఆ భుజమ్మీద నిలబడ్డ కంపెనీకి బయటి లోకంలో నేను కాపలావాణ్ణి కూడా కాను.

ఆఫీసులో గడి సంగతి, మధులత చెప్పిన దారుల సంగతి చెప్పాను. ఎవరికీ చెందని పేరు పెట్టుకుంటానని, నీ చూరు కింద నాకేం పనని అన్నాను. గౌరీశ్వరి కళ్లజోడు తీసి, పైటకొంగుతో తుడుచుకుంది.

“నూకాలుని జోగమ్మకి అమ్మినప్పుడు నువ్వేటన్నావు? పిల్ల బతికితే సాలు, ఎవరి పిల్లంటే ఏటి అన్నావు. జోగమ్మ ఎత్తుకుపోనాదేటి పిల్లని? నీ ఒళ్లోనే పెరిగింది. ఇదీ అంతే. నువ్వు గాలన్నావు. గాలికి వదిలేస్తే ఎవడో పట్టుకుపోద్దుడు. బతకాలని గుప్పెడు నూకలు నాను పోసినాను.”

కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. 

“పేరు పెట్టుకో,” అంది మళ్లీ. “ముందు నీ ఆఫీసు, వెనక నా గంగాలమ్మ. లోపల నువ్వే యజమానివి, నాను అడుగెట్టను. కానీ నువ్వు తిరుమలరావు ఇంటికెళ్లాల. జెట్టీ మీద ఎంతమంది ఇన్నారో, అంతమంది ముందు సెప్పాల, ఆడు దొంగ కాదని.”

వెళ్లను అనడానికి నోరు తెరిచాను. ఫోన్ మోగింది. గౌరీశ్వరి ఎత్తి, ఆ రెండో గొంతుతో గుడ్ ఆఫ్టర్‌నూన్ అని, విని, నాకందించింది. మధులత.

అక్కడి మోటారు మోత ఫోన్లోంచి వినపడుతోంది. ఈ నంబరుకి చేస్తే మీరు దొరుకుతారనుకున్నానండీ అంది. ఏం చేశారు, గడి ఖాళీగా ఉంది అంది. గౌరీశ్వరి నా వైపు చూడటం లేదు. చింతగింజని బేసిను అంచుకి నొక్కి నొక్కి తీస్తోంది. ఆ వేళ్ల వంక చూస్తుంటే ఏదో చాలా దూరంనుంచి, తుఫాను తీసుకుపోయిన పడవొకటి దానంతటదే ఇసక మీదికి చేరుతున్నట్టనిపించింది. నిద్రలో మాట్లాడినట్టు నా నోట్లోంచి మాట వచ్చింది.

“ఆఫీస్ డాట్ గంగాలమ్మ డాట్ కామ్.”

“బయటి పేరు మీ చేతికొచ్చిందాండీ?”

“మా ఇంట్లోనే ఉందమ్మా.”

“కొట్టేస్తున్నానండీ. ఇంక మార్చలేం.”

“కొట్టెయ్,” అన్నాను. టకటకమని చప్పుడు, తర్వాత ఒకటే గట్టి చప్పుడు వినపడ్డాయి. ఐపోయిందండీ అంది. ఫోన్ పెట్టేశాను.

తిరుమలరావు దగ్గరికి రేపు పొద్దున్నే వెళ్తానని గౌరీశ్వరితో చెప్పాను. ఆవిడ మొహంలో సంతోషం కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు. బేసిను పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

“నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి ఇంకోటి సెప్పాల మావా. సెప్పకపోతే నీకే ఇబ్బంది.”

జపాన్ ఆయన సంగతి అంది. నిరుడు ఆయన మన సరుకు వాపసు పంపాడు గుర్తుందా అని అడిగింది. గుర్తులేకేం. వాసనొస్తోందన్నాడు. ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాను.

“తెలుగులోనే తిట్టినావు. అయినా ఆడికి అర్థమైపోనాది. ఆ మనిషి ఉన్న కంపెనీతో నాకు యాపారం వద్దని రాసినాడు. మనకి మిగిలిన పెద్ద బేరం అదొక్కటే. ఏటి సెయ్యను? నీ అప్పటి కోపంలో నువ్వెళ్లి క్షమించమని అడుగుతావేటి?”

“ఏటి రాసినావు?”

 కిటికీ బయట ఎవరో చేపల గంప దించుకోవడానికి సాయం పిలుస్తున్నారు.

“ఆ మనిషి లేడని రాసినాను. యేటకెళ్లి సంద్రంలో పోనాడని. ఆడు మంచోడు మావా, శానా బాధపడినాడు. అప్పట్నుంచి ఒక్క పెట్టె కూడా వాపసు పంపలేదు.”

నేను బతికే ఉన్నాను. నా చెయ్యి నా మోకాలి మీదే ఉంది, దాని బరువు తెలుస్తూనే ఉంది. కానీ పైకప్పు మీద ఆడుతున్న వెలుతురు ఒక్కసారిగా నీటి అడుగునుంచి చూస్తున్నట్టు కనపడింది.

“శుక్రవారం ఇమానంలో దిగుతన్నాడు,” అంది గౌరీశ్వరి. “సరుకు సూడ్డానిక్కాదు. మనింటికి. నీ ఫొటోకి ధూపమేసి దండమెట్టుకోవాలట.”

ఆవిడ చూపు వెంట నా చూపు వెళ్లింది. తలుపుకెదురుగా, వచ్చినవాళ్లకి ముందు కనపడే గోడ మీద, సున్నం పొడి ఇంకా రాలుతూ, కొత్తగా కొట్టిన మేకు ఒకటి ఉంది.